జపాన్ 1941లో అమెరికా మీదికి ఎందుకు వెళ్ళింది? చమురు ఆంక్షలేనా అసలు కారణం?

సాగరతీరం

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ హార్బర్ మీద, అదే రోజు కాకినాడ మీద బాంబులు వేశాయని మా వైపు పెద్దవాళ్ళందరూ చెప్తారు. ఊరు ఖాళీ చేసి జనం ఎలా పోయారో కథలు కథలుగా విన్నాం. నన్ను పట్టి పీడించే ప్రశ్న మాత్రం దాని వెనక్కి వెళ్తుంది. 1937 నుంచి చైనాలో ఇరుక్కుపోయిన దేశం, అక్కడ లక్షల సైన్యం దిగబడిపోయి ఉండగా, తనకన్నా ఎన్నో రెట్లు పెద్ద పరిశ్రమలున్న అమెరికాతో, బ్రిటన్‌తో ఒకేసారి ఎందుకు పెట్టుకుంది?

ఎక్కడ చదివినా ఒకే జవాబు: 1941 ఆగస్టులో అమెరికా చమురు ఆపేసింది, జపాన్‌కి గత్యంతరం లేకపోయింది. నాకు ఇది చాలడం లేదు. ఆ నిర్ణయం అసలు ఎక్కడ పుట్టింది, ఎవరు తీసుకున్నారు? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

లెక్కల_మాస్టారు

చమురు జవాబుని అంత తేలిగ్గా తీసిపారేయకండి. జపాన్ వాడే చమురులో సుమారు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. సొంత గనుల్లో వచ్చేది నామమాత్రం. 1941 జూలై చివర అమెరికా జపాన్ ఆస్తులు స్తంభింపజేసింది, ఆగస్టు 1 నుంచి చమురు ఎగుమతి ఆగింది. బ్రిటన్, డచ్ ప్రభుత్వాలు కూడా తోడయ్యాయి.

అప్పటి నౌకాదళ ప్రధానాధికారి నగానో ఒసామి జూలై చివర్లో చక్రవర్తికి చెప్పింది ఇదీ: నిల్వలు రెండేళ్ళకు వస్తాయి, యుద్ధం వస్తే ఏడాదిన్నర. అంటే కూర్చున్నా ఓడలు ఆగిపోతాయి. ఆ పరిస్థితిలో డచ్ ఈస్ట్ ఇండీస్ (నేటి ఇండోనేషియా) చమురు, ముఖ్యంగా సుమత్రాలోని పాలెంబాంగ్, తప్ప వేరే దారి కనిపించలేదు. అక్కడికి వెళ్ళాలంటే సింగపూర్, ఫిలిప్పీన్స్ పక్కనుంచి వెళ్ళాలి. ఒకచోట బ్రిటన్, ఇంకోచోట అమెరికా.

పాత_పేజీలు

మాస్టారు చెప్పిన అంకెలన్నీ సరైనవే. కానీ ఆంక్షలు ఎందుకు వచ్చాయో దాటేశారు. వరుస చూడండి.

1941 జూలై 2న చక్రవర్తి సమక్షంలో సమావేశం జరిగింది. ఇండోచైనా దక్షిణ భాగంలోకి సైన్యం దింపాలని, అందుకోసం బ్రిటన్, అమెరికాలతో యుద్ధానికైనా వెనుదీయకూడదని కాగితం మీద రాసుకున్నారు. ఇది చమురు ఆగక ముందు. ఇండోచైనా అప్పుడు ఫ్రాన్స్ వలస, జర్మనీకి లొంగి ఉన్న ఫ్రాన్స్‌లోని విషీ ప్రభుత్వాన్ని ఒత్తిడి చేసి ఒప్పించారు. సైన్యం దిగబోతోందని తెలిసి అమెరికా ఆస్తులు స్తంభింపజేసింది, రెండు రోజులకి సైన్యం దిగింది. దక్షిణ ఇండోచైనా చేతికొస్తే మలయా, సింగపూర్ జపాన్ బాంబర్లకు అందే దూరంలోకి వస్తాయి. చైనా యుద్ధం కోసమైతే ఉత్తర ఇండోచైనా సరిపోతుంది, అది 1940 సెప్టెంబరులోనే తీసుకున్నారు. దక్షిణ భాగం దేనికో వాషింగ్టన్‌లో అందరికీ స్పష్టంగానే అర్థమైంది.

కాబట్టి అసలు ప్రశ్న: అమెరికా ఎలా స్పందిస్తుందో ఆలోచించకుండా ఆ అడుగు ఎందుకు వేశారు? దానికి జవాబు కావాలంటే చైనా దగ్గరికి పోవాలి.

1937 జూలై 7న పెకింగ్ దగ్గర మార్కో పోలో వంతెన వద్ద చిన్న కాల్పులు. కొన్ని నెలల్లో పూర్తి యుద్ధం. డిసెంబరులో నాన్‌జింగ్ పడిపోయింది, అక్కడ జరిగిన మారణకాండ అందరికీ తెలుసు. అప్పుడు జర్మనీ మధ్యవర్తిత్వం నడుస్తోంది. ఇక్కడొక విషయం చాలామందికి తెలియదు. చర్చలు కొనసాగిద్దామని పట్టుబట్టింది సైనిక ప్రధాన కార్యాలయం. వాళ్ళ దృష్టి అంతా రష్యా మీద, చైనాలో బలం కరిగిపోతుందని భయం. వద్దని తెంచేసింది ప్రధాని కొనోయె ఫుమిమరో, ఆయన విదేశాంగ మంత్రి హిరోతా, సైనిక మంత్రి సుగియామా. 1938 జనవరి 16న కొనోయె ప్రకటించాడు: చైనా నాయకుడు చియాంగ్ కై షెక్ ప్రభుత్వంతో ఇకపై వ్యవహారమే లేదు అని.

ఆ ఒక్క ప్రకటనతో యుద్ధం ముగించే తలుపు తన చేత్తోనే మూసేశాడు. అవతలి ప్రభుత్వంతో మాట్లాడనంటే సంధి ఎవరితో చేసుకోవాలి? నా లెక్కలో 1941 డిసెంబరు బీజం అక్కడ పడింది.

నల్లమల

కొనోయె గురించి ఒక మాట. ఆయన్ని మెతక మనిషిగా, సైనికుల చేతిలో బందీగా చూపిస్తారు. కానీ 1918లోనే, ఇంకా ఇరవైల్లో ఉన్నప్పుడే, ఆంగ్లో-అమెరికన్ల శాంతి అంటే ఉన్నవాళ్ళు తమ ఆస్తి కాపాడుకోవడమేనని, జపాన్ దాన్ని ఒప్పుకోకూడదని వ్యాసం రాశాడు. ఆసియాలో తమకో పెద్ద వాటా రావాలనే ఆలోచన సైన్యానిదే కాదు, ఉన్నత వర్గం మొత్తంలో ఉంది. వాళ్ళ కళ్ళముందు బ్రిటన్‌కి భారతదేశం ఉంది, డచ్‌వాళ్ళకి ఇండీస్ ఉంది, ఫ్రాన్స్‌కి ఇండోచైనా ఉంది. మేం మంచూరియా తీసుకుంటే తప్పేంటని వాళ్ళ వాదన. కొరియాలో, చైనాలో వాళ్ళు చేసిన ఘోరాల్ని ఈ వాదన కడిగెయ్యదు, కానీ వాళ్ళు నిజంగానే ఇలా నమ్మారు.

రమణి

ఒక సందేహం అండి. జర్మనీ 1941 జూన్ 22న రష్యా మీద పడింది కదా. జపాన్ సైన్యం ఎప్పటినుంచో రష్యానే శత్రువు అనుకుంది. అదే సమయంలో వెనకనుంచి సైబీరియా మీదికి వెళ్ళకుండా, దక్షిణానికి ఎందుకు తిరిగింది? అమెరికా జోలికి వెళ్ళడం కన్నా అది తేలిక కాదా?

పాత_పేజీలు

మంచి ప్రశ్న రమణి గారూ. వెళ్ళాలని విదేశాంగ మంత్రి మత్సువొకా యోసుకే గట్టిగా వాదించాడు. విచిత్రం ఏమిటంటే, రెండు నెలల కిందట, ఏప్రిల్ 13న, మాస్కోలో స్టాలిన్‌తో తటస్థ ఒప్పందం మీద సంతకం చేసింది ఆయనే. స్టాలిన్ స్వయంగా స్టేషన్‌కి వచ్చి కౌగలించుకుని సాగనంపాడు.

మత్సువొకా లెక్క ఇలా ఉండేది. 1940 సెప్టెంబరు 27న జర్మనీ, ఇటలీలతో త్రైపాక్షిక ఒప్పందం చేసుకున్నాం. దానికి రష్యాని కూడా జోడిస్తే నాలుగు దేశాల కూటమి అవుతుంది. అమెరికా భయపడి వెనక్కి తగ్గుతుంది. కుర్రప్పుడు ఓరెగాన్‌లో చదువుకున్నవాడు, అమెరికన్ల ముందు తలవంచితే చులకన చేస్తారు, ఎదురు నిలబడితే గౌరవిస్తారు అని తనకు బాగా తెలుసనుకున్నాడు. 1933లో నానాజాతి సమితి నుంచి జపాన్ బృందాన్ని బయటికి నడిపించింది కూడా ఆయనే. హిట్లర్ రష్యా మీద పడగానే ఈ కట్టడం అంతా కూలింది. ఒప్పందానికి ఇక అర్థం లేదు, ముందు ఉత్తరానికి వెళ్దాం అన్నాడు.

సైన్యం ఎందుకు ఆగిందంటే, 1939. మంగోలియా సరిహద్దులో నొమోన్‌హాన్ దగ్గర మే నుంచి సెప్టెంబరు దాకా రష్యన్లతో పోరాటం. రష్యన్ సేనాని జుకోవ్ ట్యాంకులతో చుట్టుముట్టి 23వ డివిజన్‌ని దాదాపు తుడిచిపెట్టేశాడు. ఆ దెబ్బ మర్చిపోలేదు. అయినా 1941 జూలైలో విన్యాసాల పేరుతో మంచూరియాలో బలగాన్ని 7 లక్షల దాకా పెంచారు. సైబీరియా నుంచి రష్యన్ దళాలు పశ్చిమానికి ఖాళీ అయితే దిగుదామని చూశారు. అనుకున్నంత ఖాళీ కాలేదు. పైగా ఉత్తరాన చమురు లేదు. ఆగస్టు 9కి ఆ ఏడాదికి ఉత్తరం ఆలోచన మానుకున్నారు.

జూలై 2 పత్రంలో ఉత్తరానికి సిద్ధం కావాలి అనీ ఉంది, దక్షిణానికి పోవాలి అనీ ఉంది. రెండూ.

రమణి

రెండూ రాసుకోవడం ఏమిటి? ఒక దేశ ప్రభుత్వం తేల్చుకోలేదా?

గోదావరి_గట్టు

రమణి గారు అడిగినదాంట్లోనే మొత్తం విషయం ఉంది. ఈ పాలన ఎలా నడిచేదో తెలియకపోతే ఎవరో ఒక్క దుష్టుడు పథకం వేశాడని అనుకుంటాం. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

1889 నాటి మెయిజీ రాజ్యాంగం ప్రకారం సైన్యానికీ నౌకాదళానికీ అధిపతి చక్రవర్తి. ప్రధాని కాదు. యుద్ధ ప్రణాళికలు వేసే రెండు ప్రధాన కార్యాలయాలు, సైన్యానిది ఒకటి, నౌకాదళానిది ఒకటి, నేరుగా చక్రవర్తికే జవాబుదారీ. మంత్రివర్గానికి వాళ్ళ ప్రణాళికలు తెలియాలన్న నియమం లేదు. ప్రధాని మిగతా మంత్రులతో సమానుడే. ఎవరినీ తీసెయ్యలేడు.

దానికి తోడు 1936 మేలో పాత నిబంధన ఒకటి తిరిగి తెచ్చారు: సైనిక, నౌకా మంత్రులు సర్వీసులో ఉన్న అధికారులే కావాలి. అంటే సైన్యానికి నచ్చకపోతే మంత్రిని రాజీనామా చేయించి, ఇంకొకర్ని పంపకపోతే ప్రభుత్వం పడిపోతుంది. 1940 జూలైలో సరిగ్గా అదే జరిగింది. ప్రధాని యొనాయ్ నౌకాదళం మనిషి, జర్మనీతో కూటమికి వ్యతిరేకి. సైనిక మంత్రి హతా రాజీనామా, మారు మంత్రి లేడు, ప్రభుత్వం పోయింది. కొనోయె రెండోసారి వచ్చాడు, వెంట మత్సువొకా, సైనిక మంత్రిగా తోజో హిదెకి. రెండు నెలలు దాటగానే హిట్లర్‌తో ఒప్పందం.

ప్రాణభయం సంగతి కూడా మర్చిపోవద్దు. 1932 మే 15న ప్రధాని ఇనుకాయ్‌ని యువ నౌకాదళ అధికారులు ఇంట్లోకి చొరబడి కాల్చేశారు. 1936 ఫిబ్రవరి 26న టోక్యో నడిబొడ్డున తిరుగుబాటు, ఆర్థిక మంత్రి తకహాషి హత్య. తకహాషి చేసిన నేరం సైనిక ఖర్చుకి కళ్ళెం వెయ్యబోవడం.

ఇక అసలు రోగం. సైన్యం, నౌకాదళం ఒకరినొకరు నమ్మరు. సైన్యానికి రష్యా శత్రువు, నౌకాదళానికి అమెరికా. ఉక్కు, చమురు, డబ్బు ఇద్దరికీ చాలవు. ప్రభుత్వం, రెండు కార్యాలయాలు కలిసి కూర్చునే అనుసంధాన సమావేశాల్లో ఎవరూ ఎవరినీ కాదనలేరు. ఏకాభిప్రాయం తప్పనిసరి. అందుకని కింది స్థాయి అధికారులు, కల్నళ్ళు, కమాండర్లు, ఇద్దరి కోరికలూ ఒకే పత్రంలో పక్కపక్కన రాసి సంతకాలు పెట్టించేవాళ్ళు. 1936 ఆగస్టులో జాతీయ విధానం అని రాసుకున్నదాంట్లో కూడా ఉత్తరం, దక్షిణం రెండూ ఉన్నాయి. తగువు వాయిదా పడేది. కానీ కాగితం మీద ఒకసారి పడ్డ మాట ఊరికే ఉండదు, దాన్ని చూపించి బడ్జెట్ అడుగుతారు, దళాలు కదుపుతారు. దళాలు కదిలాక విధానం దాని వెంట పోవాల్సిందే. విదేశాంగ విధానం అనేది టోక్యోలో ఎక్కువ భాగం ఇలాగే పుట్టింది.

డల్లాస్_తెలుగు

గట్టు గారూ, వివరణ బావుంది కానీ నాకు ఇబ్బందిగా ఉంది. అందరూ కలిసి చేశారు అంటే ఎవరూ చెయ్యలేదు అన్నట్టు అవుతుంది. చక్రవర్తి హిరోహితో సంగతేంటి? అన్నీ ఆయన సమక్షంలోనే జరిగాయి కదా. యుద్ధం తర్వాత జపాన్ నాయకుల మీద జరిగిన టోక్యో విచారణలో ఆయన పేరే లేదు.

గోదావరి_గట్టు

ఆయన్ని నేనూ వదిలెయ్యను. కానీ నమోదైన సంగతులు రెండు వైపులా ఉన్నాయి.

1941 సెప్టెంబరు 5న సుగియామాని, అప్పటికి ఆయన సైనిక ప్రధానాధికారి, పిలిచి అడిగాడు: అమెరికాతో యుద్ధం ఎన్నాళ్ళు పడుతుంది? దక్షిణ సముద్రాల్లో మూడు నెలల్లో ముగిస్తామని సుగియామా చెప్పాడు. చైనా సంగతి నెల రోజుల్లో తేలిపోతుందని నువ్వే కదా అన్నావు, నాలుగేళ్ళైంది అన్నాడు చక్రవర్తి. చైనా లోతట్టు ప్రాంతం చాలా విశాలం అని సంజాయిషీ. మరి పసిఫిక్ అంతకన్నా విశాలం కాదా అని నిలదీశాడు. మర్నాటి సమావేశంలో, రివాజుకి భిన్నంగా నోరు విప్పి, నాలుగు సముద్రాలలోని వారూ సోదరులే అయితే ఈ అలజడి ఎందుకని తాత మెయిజీ రాసిన పద్యం చదివాడు.

చదివి, ఆ తీర్మానాన్ని ఆమోదించాడు. అక్టోబరు మొదట్లోకల్లా చర్చల్లో ఆశ కనిపించకపోతే యుద్ధానికి నిశ్చయించుకోవాలన్నది ఆ తీర్మానం. నాకు ఇదే బాధగా అనిపిస్తుంది. ప్రశ్నలు సరిగ్గా అడిగిన మనిషి, జవాబులు తప్పని తెలిసిన మనిషి, ఆపలేదు. ఆపి ఉంటే తిరుగుబాటు వచ్చేదని యుద్ధం తర్వాత ఆయన చెప్పుకున్నాడు. 1945 ఆగస్టులో ఆపగలిగాడు కదా అనే ప్రశ్న మిగిలే ఉంటుంది.

నల్లమల

డల్లాస్ గారు విచారణ మాట ఎత్తారు కాబట్టి: ఆ ధర్మాసనంలో మన జస్టిస్ రాధావినోద్ పాల్ ఉన్నారు. నిందితులందరూ నిర్దోషులని వేరే తీర్పు రాశారు. 1928 నుంచి ఒకే ముఠా పథకం వేసి యుద్ధాలు నడిపించిందనే అభియోగం రుజువు కాలేదన్నది ఆయన వాదనల్లో ఒకటి. జపాన్ దుర్మార్గాలు జరగలేదని ఆయన అనలేదు. మంత్రివర్గాలు పడిపోతూ లేస్తూ, ఒకరి కాళ్ళు ఒకరు లాగుకుంటున్న దేశంలో ఇన్నేళ్ళ కుట్ర ఎవరు నడపగలరు? గట్టు గారి వివరణ చదువుతుంటే ఆ ఒక్క అంశంలో పాల్ చెప్పిందే నిజమనిపిస్తుంది.

సాగరతీరం

అందరికీ ధన్యవాదాలు, ఇంత వస్తుందనుకోలేదు. అక్టోబరు సంగతి చెప్పండి. కొనోయె రాజీనామా చేసి తోజో వచ్చిన ఆ వారంలో ఏం జరిగింది? అక్కడ ఆగే అవకాశం ఉందా?

పాత_పేజీలు

ఉంది. నా దృష్టిలో అదే ఆఖరి నిజమైన అవకాశం, అది పోవడానికి కారణం నౌకాదళం.

అక్టోబరు 12న టోక్యో శివారు ఒగికుబోలో కొనోయె ఇంట్లో అయిదుగురు కూర్చున్నారు. కొనోయె, తోజో, నౌకా మంత్రి ఒయికావా, విదేశాంగ మంత్రి తొయోదా, ప్రణాళికా మండలి అధిపతి సుజుకి. అమెరికా అడుగుతున్నది చైనా నుంచి సైన్యం వెనక్కి తీసుకోమని. కొనోయె, తొయోదా కొంత ఒప్పుకుందాం అన్నారు. తోజో ససేమిరా. చైనాలో లక్షకు మించి సైనికులు చచ్చిపోయారు, వాళ్ళ ప్రాణాలు దేనికి, మంచూరియా పోతుంది, కొరియా కూడా ఊగిపోతుంది అని వాదన.

అప్పుడు నౌకాదళం ఒక్క మాట చెప్తే చాలు: అమెరికాతో గెలవలేం అని. సైనిక మంత్రిత్వ శాఖలో ముతో అకిరా అనే బ్యూరో అధిపతి ముందే కబురు పెట్టాడు, నౌకాదళం తెరిచి చెప్తే మావాళ్ళని నేను అదుపు చేస్తాను అని. తోజో మనిషే ఈ మాట అన్నాడు. నౌకాదళం నుంచి వచ్చిన జవాబు: ఆ మాట మేం పైకి అనలేం, ప్రధాని నిర్ణయానికి వదిలేస్తున్నాం. సమావేశంలో ఒయికావా అదే చదివాడు.

ఎందుకు అనలేకపోయారు? ఇరవయ్యేళ్ళుగా అమెరికాని బూచిగా చూపించి బడ్జెట్ తెచ్చుకున్నారు. ఉక్కులో, డబ్బులో పెద్ద వాటా తీసుకున్నారు. ఇప్పుడు యుద్ధం చెయ్యలేం అంటే మరి ఇన్నాళ్ళు ఇచ్చిందంతా ఏమైందని సైన్యం అడుగుతుంది. సంస్థ పరువు కోసం దేశాన్ని పణంగా పెట్టారు. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

నాలుగు రోజులకి కొనోయె దిగిపోయాడు. అంతకు కొద్ది రోజుల ముందే తోజో ఆయనతో, మనిషి జీవితంలో ఒక్కోసారి కియోమిజు గుడి వేదిక మీంచి కళ్ళు మూసుకుని దూకాల్సి వస్తుంది అన్నాడట. క్యోటోలో కొండ అంచున ఉంటుంది ఆ గుడి. కోట్ల మంది ప్రాణాల బాధ్యత ఉన్నవాడు అలా దూకకూడదన్నది కొనోయె అభిప్రాయం. కానీ దూకకుండా ఆపే పని ఆయన చెయ్యలేదు, కుర్చీ వదిలి వెళ్ళిపోయాడు.

లెక్కల_మాస్టారు

గెలవలేమని వాళ్ళకి తెలుసా తెలియదా అనే చర్చ అక్కర్లేదు. తెలుసు. టోటల్ వార్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అని ప్రభుత్వమే పెట్టిన సంస్థలో ముప్పైల్లో ఉన్న అధికారులు, కంపెనీ ఉద్యోగులు, సైనికులు కలిసి నమూనా మంత్రివర్గంగా కూర్చుని లెక్కలు కట్టారు. ఓడల నష్టం, చమురు, ఉక్కు అన్నీ. 1941 ఆగస్టులో కొనోయె, తోజో ఎదుటే ఫలితం చదివారు: మొదట్లో గెలుపులు వస్తాయి, యుద్ధం సాగితే ఓటమి, చివర రష్యా కూడా దిగుతుంది. ఎంత దగ్గరగా ఊహించారో చూడండి. తోజో జవాబు, ఇది బల్ల మీద కసరత్తు, రష్యాతో 1904లో కూడా గెలుస్తామని లెక్కలు చెప్పలేదు అని.

జపాన్ నౌకాబలగాల సేనాని యమమోతో కూడా 1940లోనే కొనోయెకి చెప్పాడు, ఆరు నెలలో ఏడాదో విజృంభిస్తాను, రెండో ఏడు మూడో ఏడు గురించి హామీ ఇవ్వలేను అని. హవాయిలోని అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద దాడి పథకం వేసింది ఆయనే.

అంకెలు ఉన్నాయి, చదివారు కూడా. నేను చమురునే పట్టుకుని ఉండటానికి కారణం ఇదే: చమురు తరిగిపోతుంటే, ఓడిపోతామని తెలిసినా ఇప్పుడు దిగితే కొంచెం అవకాశం, రెండేళ్ళాగితే అసలు ఉండదు అనే తర్కం పనిచేసింది. చమురు ఆగకపోతే ఈ తొందర వచ్చేది కాదు.

పాత_పేజీలు

తొందర చమురు వల్ల వచ్చిందని ఒప్పుకుంటాను మాస్టారూ. యుద్ధం చమురు వల్ల వచ్చిందని ఒప్పుకోను. చైనా వదులుకుంటే చమురు తిరిగొచ్చేది. చమురా చైనానా అని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు వాళ్ళు చైనాని ఎంచుకున్నారు.

నవంబరు 1 సమావేశం చూడండి. తోజో ప్రధాని అయ్యాక, పాత తీర్మానం పక్కన పెట్టి మొదటినుంచి ఆలోచించమని చక్రవర్తి తరఫున ముఖ్య సలహాదారు కిదో చెప్పాడు. ఆ ప్రకారం ఉదయం మొదలై అర్ధరాత్రి దాటాక ముగిసింది, పదహారు గంటలకి పైగా. మూడు దారులు: యుద్ధం మానుకుని కష్టాలు ఓర్చుకోవడం, వెంటనే యుద్ధం, యుద్ధానికి సిద్ధమవుతూ చర్చలు. ఆర్థిక మంత్రి కాయా, విదేశాంగ మంత్రి తోగో మొదటి దారి వైపు నిలబడ్డారు. అమెరికా తానుగా వచ్చి మన మీద పడుతుందా, పడకపోతే ఇప్పుడు యుద్ధం ఎందుకని కాయా అడిగాడు. రానున్నది ఏమో తెలియదు, మూడేళ్ళ తర్వాత శత్రువు బలపడతాడు అని నగానో జవాబు. మరి ఎప్పుడైతే గెలుస్తామంటే, ఇప్పుడే, తర్వాత అవకాశం రాదు అన్నాడు. మూడో ఏడు గెలుపు గురించి మాత్రం మాట ఇవ్వలేదు. చివరికి మూడో దారి, గడువు నవంబరు చివర. మర్నాటికి కాయా, తోగో ఇద్దరూ లొంగిపోయారు.

డల్లాస్_తెలుగు

అమెరికా వైపు తప్పు ఏమీ లేదా? నవంబరు 26న అమెరికా విదేశాంగ మంత్రి హల్ ఇచ్చిన పత్రంలో చైనా, ఇండోచైనా మొత్తం ఖాళీ చేయమన్నారు. అది చూసి తోగో కూడా ఆశ వదులుకున్నాడని చదివాను.

గోదావరి_గట్టు

ఉంది. చమురు విషయంలోనే చూడండి. మొత్తం ఆపెయ్యాలని రూజ్‌వెల్ట్ మొదట అనుకున్నట్టు కనిపించదు, లైసెన్స్ అడిగినప్పుడల్లా కొంత ఇస్తూ పట్టు ఉంచుకుందాం అన్నది ఆలోచన. విదేశాంగ శాఖ అధికారి డీన్ ఆచెసన్ ఉన్న కమిటీ అసలు డబ్బే విడుదల చెయ్యలేదు, దాంతో పూర్తి నిషేధం అయిపోయింది. తెలిశాక వెనక్కి తగ్గితే బలహీనత అనుకుంటారని అలాగే ఉంచారు. బెదిరింపుకి లొంగుతారని మత్సువొకా అమెరికా గురించి అనుకున్నట్టే, వాషింగ్టన్‌లో కొందరు జపాన్ గురించి అనుకున్నారు.

కానీ హల్ పత్రాన్ని కారణంగా చెప్పడం తేదీల ముందు నిలవదు. పెర్ల్ హార్బర్ మీద దాడికి వెళ్ళే నగుమో నౌకాబృందం కురిల్ దీవుల్లోని హితొకప్పు అఖాతం నుంచి నవంబరు 26 పొద్దున బయల్దేరింది. హల్ పత్రం జపాన్ రాయబారుల చేతికి అందేసరికి టోక్యోలో 27 తెల్లవారింది. ఓడలు అప్పటికే సముద్రంలో ఉన్నాయి. చర్చలు ఫలిస్తే వెనక్కి తిరగమనే ఆదేశం ఉన్న మాట నిజమే.

కొరంగి_మనవడు

ఇక్కడ ఎవరూ బర్మా మాట ఎత్తలేదు. మన తెలుగువాళ్ళకి ఈ నిర్ణయాల దెబ్బ బాంబుల కన్నా ముందు అక్కడ తగిలింది. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసింది ఎక్కువగా మన గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల కూలీలే. కొరంగి రేవు నుంచి ఓడెక్కి వెళ్ళినవాళ్ళు కాబట్టి అక్కడ కొరంగీలు అనేవారు.

జపాన్‌కి బర్మా ఎందుకంటే, మళ్ళీ చైనానే. లాషియో నుంచి కున్‌మింగ్‌కి వెళ్ళే బర్మా రోడ్డు మీదుగా చియాంగ్‌కి ఆయుధాలు వెళ్ళేవి. 1940 జూలైలో జపాన్ ఒత్తిడికి తలొగ్గి బ్రిటన్ దాన్ని మూడు నెలలు మూసింది కూడా. చైనా యుద్ధాన్ని ముగించాలంటే ఆ దారి తెంచాలి అనేది పాత లెక్క. 1942 మార్చి 8న రంగూన్ పడిపోయింది. లక్షల మంది భారతీయులు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచి వచ్చారు. దారిలో కలరాతో, ఆకలితో ఎంతమంది పోయారో. మా వైపు పల్లెల్లో ఇంటికొకరు రంగూన్ నుంచి తిరిగి రానివాళ్ళు ఉన్నారు.

విశాఖ మీద పడ్డ విమానాలు ర్యూజో అనే చిన్న విమానవాహక నౌకవి. అప్పుడే నగుమో పెద్ద నౌకలు కొలంబో, ట్రింకోమలీల మీద దాడిలో ఉన్నాయి. బంగాళాఖాతం దాటి మన నేల ఆక్రమించే పథకం ఆ దాడిలో లేదు. బర్మా వైపు తమ సముద్ర దారికి బ్రిటిష్ నౌకలు అడ్డురాకుండా చూసుకోవడం దాని పని.

సాగరతీరం

కొరంగి మనవడు గారూ, నాకు ఇది అసలు తెలియదు. ఇంకొక్కటి అడిగి ఆపుతాను. తోగో నవంబరులో పెట్టిన రెండో ప్రతిపాదన, బి ప్రణాళిక అంటారే, దాన్ని అమెరికా ఒప్పుకుని ఉంటే యుద్ధం ఆగేదా?

పాత_పేజీలు

అందులో ఉన్నది: దక్షిణ ఇండోచైనా నుంచి దళాలు ఉత్తరానికి తీసుకుంటాం, మీరు చమురు ఇవ్వండి, చైనాలో మా శాంతి ప్రయత్నాలకి అడ్డు రాకండి. చివరి షరతు అర్థం చియాంగ్‌కి సాయం ఆపమని. సైన్యం పట్టుబట్టి చేర్పించింది. తోగో రాసుకున్న మొదటి ముసాయిదాకి ఇది పెద్ద అడ్డు అయింది.

హల్ దగ్గర కూడా మూడు నెలల తాత్కాలిక ఒప్పందం ముసాయిదా ఒకటి తయారైంది. చియాంగ్ గగ్గోలు పెట్టాడు, చైనాని గాలికి వదులుతున్నారా అని చర్చిల్ తంతి పంపాడు, హల్ దాన్ని పక్కన పడేశాడు. ఆ మూడు నెలలు దొరికి ఉంటే ఏమయ్యేదో చెప్పాలంటే ఇంకో పత్రం చూడాలి. నవంబరు 15న అనుసంధాన సమావేశం యుద్ధం ఎలా ముగించాలో రాసుకుంది. అమెరికాని తామే ఓడిస్తామని అందులో లేదు. జర్మనీ, ఇటలీలతో కలిసి బ్రిటన్‌ని లొంగదీస్తే అమెరికాకి పోరాడే ఆసక్తి పోతుందని ఉంది. అంటే మొత్తం లెక్క హిట్లర్ గెలుపు మీద కట్టారు. డిసెంబరు 5న మాస్కో ముందు రష్యన్ల ఎదురుదాడి మొదలైంది, అప్పటికి మలయా వైపు ఓడలు బయల్దేరిపోయాయి. చర్చలు ఫిబ్రవరి దాకా సాగి ఉంటే జర్మనీ తొందరగా గెలవదని టోక్యోలో అందరికీ కనిపించేది. అప్పుడు కాయా, తోగోల మాటకి బలం వచ్చేదని నా అభిప్రాయం.

లెక్కల_మాస్టారు

ఇక్కడ నేను ఒప్పుకోను. ఫిబ్రవరికి చమురు ఇంకా తరిగి ఉండేది, నగానో ఇంకా గట్టిగా అరిచేవాడు. పైగా చియాంగ్ సంగతి తేలకుండా మూడు నెలలు గడిస్తే తోజో సైన్యానికి ఏం చెప్పుకునేవాడు? కొంచెం చమురు వస్తే దాన్ని ఓడల్లో నింపుకుని వేసవిలో దిగేవారు.

పాత_పేజీలు

చమురు వస్తుంటే నగానో వాదనకి పునాదే పోతుంది కదా మాస్టారూ. ఇప్పుడు కాకపోతే ఎప్పుడూ కాదు అనడానికి తరిగిపోయే నిల్వలే ఆధారం. మీరు మొదట్లో చెప్పిన లెక్క ప్రకారమే చూడండి. తోజో సైన్యానికి ఏం చెప్పుకునేవాడన్నది మాత్రం గట్టి ప్రశ్న. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: అక్టోబరు 12న ముతో అడిగింది, నౌకాదళం ఆ ఒక్క మాట అనడం, ఫిబ్రవరిలో కూడా జరగాలి. అది లేకుండా మీ మాటే నెగ్గుతుంది.